మందుకు సెలవు లేదు

పిల్లలూ! బదిలీ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెలు, తాళ్ళు, సామాన్ల లారీ, కొత్త క్వార్టరు, కొత్త తరగతి. మీ ఉపాధ్యాయులమైన మేమూ మీలాగే ఊళ్ళు మారుతూ వస్తున్నాం. ఈ హడావిడిలో ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఆగిపోయేది ఒకటుంది. అది తాతయ్య బి.పి. మాత్ర, నానమ్మ షుగర్ మాత్ర. అవి ఆగకుండా మీరు ఎలా సాయపడగలరో ఈ పాఠంలో తెలుసుకుందాం.

బాగానే ఉంటే మందెందుకు?

తలనొప్పికి మాత్ర వేసుకుంటాం, తగ్గగానే మానేస్తాం. రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, మూర్ఛ, థైరాయిడ్ సమస్యలు అలాంటివి కావు. ఇవి ఏళ్ళ తరబడి ఉంటాయి కనుక వీటిని దీర్ఘకాలిక వ్యాధులంటారు. మందు వీటిని అదుపులో ఉంచుతుంది.

రక్తపోటు పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదు. అందుకే పెద్దలు "ఒంట్లో బాగానే ఉంది, ఇంకా ఈ మందెందుకు?" అంటారు. బాగా ఉన్నది మందు పనిచేస్తున్నందువల్లనే కావచ్చు. మానేస్తే రక్తపోటు చడీచప్పుడు లేకుండా మళ్ళీ పెరుగుతుంది. అది పక్షవాతానికి, గుండెపోటుకు దారితీయవచ్చు. మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు తిరగబెట్టవచ్చు.

ఈ ఇబ్బంది మన ఇళ్ళలోనే కాదు, అంతటా ఉంది. అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా దీర్ఘకాలిక వ్యాధులున్నవారిలో సగటున సగం మందే చెప్పిన ప్రకారం మందులు వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో తెలిపింది.

ఒక మందు, రెండు పేర్లు

మాత్రల స్ట్రిప్ తీసి చూడండి. దానిమీద రెండు పేర్లుంటాయి. ఒకటి కంపెనీ పెట్టిన పేరు. రెండోది అసలు మందు పేరు. అమ్లోడిపిన్ రక్తపోటుకు, మెట్‌ఫార్మిన్ మధుమేహానికి వాడే మందుల అసలు పేర్లు. విజయవాడలో వాడిన కంపెనీ మాత్ర జోర్హాట్‌లో దొరకకపోవచ్చు. అసలు పేరు మాత్రం దేశమంతటా ఒక్కటే. భాష మారినా, లిపి మారినా ఆ పేరు చెబితే మందుల షాపువారికి అర్థమవుతుంది.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. కొత్త ఊళ్ళో వేరే కంపెనీ మాత్రలు కొంటారు. పాత స్ట్రిప్ కూడా డబ్బాలో మిగిలి ఉంటుంది. రెండూ వేర్వేరు మందులనుకొని పెద్దలు రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. కాబట్టి అసలు పేరు, దాని పక్కన ఉన్న మిల్లీగ్రాముల అంకె కలుస్తున్నాయో లేదో చూడాలి. పేరు చివర ఎస్.ఆర్. అని ఉంటే అది నెమ్మదిగా కరిగే మాత్ర. దాన్ని నలపకూడదు, నమలకూడదు.

చీటీ చదువుదాం

డాక్టరు చీటీలో 1-0-1 అని ఉంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అర్థం. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి, బి.డి. అంటే రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు. వేళ కూడా ముఖ్యమే. థైరాయిడ్ మాత్రను సాధారణంగా పొద్దున్నే పరగడుపున వేసుకోమంటారు. మెట్‌ఫార్మిన్‌ను అన్నంతోపాటు లేదా తిన్న వెంటనే వేసుకోమంటారు.

బదిలీ వేళ

మందుల డబ్బా లారీ ఎక్కకూడదు. లారీ ఎప్పుడు చేరుతుందో ఎవరు చెప్పగలరు? మందులు, చీటీలు, పరీక్షల రిపోర్టులు చేతిసంచిలోనే ఉండాలి. కొత్త ఊళ్ళో డాక్టరును కలిసేదాకా సరిపడే మందులు ముందే తెచ్చుకోవాలి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ లారీలో వెళ్ళిపోతుంది కనుక దానికి చల్లదనం నిలిపే సంచి కావాలి. అది గడ్డకట్టకూడదు, మంచుగడ్డకు నేరుగా తగలకూడదు.

సగం స్ట్రిప్ కొన్నప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోవచ్చు. ఆ రెండూ రాయించుకోండి.

అడిగే తీరు

"మళ్ళీ మరిచిపోయావా?" అని గద్దిస్తే పెద్దలు వేసుకోకపోయినా వేసుకున్నామంటారు. "తాతయ్యా, మాత్ర అయిందా? నీళ్ళు తేనా?" అంటే నిజం చెబుతారు. మందు మానడానికి మరుపు ఒక్కటే కారణం కాదు. కొందరికి ఖర్చు బెంగ. కొందరికి మందు పడదు. అమ్లోడిపిన్‌తో కాళ్ళు వాచేవారున్నారు. కొందరు ఉపవాసం రోజున మానేస్తారు. షుగర్ మందు వేసుకొని ఏమీ తినకపోతే కొందరికి చక్కెర బాగా పడిపోవచ్చు కనుక, ఉపవాసానికి ముందే డాక్టరును అడగాలి. కారణం తెలిస్తే అమ్మానాన్నలకు చెప్పండి. ఖర్చే కారణమైతే జన్ ఔషధి కేంద్రాల్లో అసలు పేరుతో తక్కువ ధరకు మందులు దొరుకుతాయని గుర్తుచేయండి.

ఒక హద్దు మాత్రం దాటకండి. మందు మార్చడం, ఆపడం, మోతాదు తగ్గించడం డాక్టరు పని. ఒక పూట మరిచిపోతే తరువాతి పూట రెండు కలిపి ఇవ్వకూడదు. ఏం చేయాలో డాక్టరునే అడగాలి. మీరు చీటీ చదివిపెట్టేవారు, గుర్తుచేసేవారు. ఆ పనే ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.

చేసి చూడండి

1. ఇంట్లో పెద్దల అనుమతితో ఒక కాగితం మీద మందుల పట్టిక రాయండి: అసలు పేరు, మిల్లీగ్రాములు, వేళ, తిండికి ముందా తరువాతా, ఎన్ని రోజులకు మిగిలాయి. రాశాక అమ్మచేతనో నాన్నచేతనో చీటీతో సరిచూపించండి.

2. తాతయ్య, అమ్మమ్మ ఊళ్ళో ఉంటే ఆదివారం ఫోన్‌లో మీ బడి కబుర్లు చెబుతూ, మాత్రలు ఎన్ని రోజులకు వస్తాయో అడగండి.

3. "బాగానే ఉన్నాను, మందు మానేస్తాను" అనే నానమ్మకు మీరేం చెబుతారు? ఐదు వాక్యాల్లో రాయండి.