గుర్రపు డెక్కలోనూ ఒక కొలువుంది

గుర్రపు డెక్క అంటే మనలో చాలామందికి చెరువుల్ని కమ్మేసే కలుపు మొక్కే గుర్తొస్తుంది. అసలు డెక్కను చూసుకునే వృత్తి ఒకటుందని తెలిసినవాళ్లు తక్కువ. అందుకే పిల్లలకు జంతువులంటే ఇష్టమని తెలియగానే ఇంట్లో ఒకటే మాట: ‘నీట్ రాయించి వెటర్నరీ డాక్టర్ని చేసేద్దాం.’ ఐదున్నరేళ్ల ఆ కోర్సు మంచిదే. కానీ సీట్లు కొద్ది. ర్యాంకు రాలేదని మళ్లీ మళ్లీ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చోబెట్టి, అప్పు చేసి ఫీజు కట్టి, చివరికి పిల్లల్నే తిట్టడం ఏం న్యాయం? పిల్లలు ఇష్టపడింది జంతువుని. డిగ్రీ కోసం పట్టుబట్టింది మనం.

గిట్ట పనిలో చదువు లేదనుకునేవాళ్లు ఒక్కసారి లోపలికి చూడాలి. గుర్రం గిట్ట నెలకు ఆరు నుంచి పది మిల్లీమీటర్లు పెరుగుతుంది. గరుకు నేల మీద రోజంతా తిరిగే గుర్రానికి అది దానంతటదే అరుగుతుంది. లాయంలో నిలబడే గుర్రానికి అరగదు కాబట్టి ఆరేడు వారాలకోసారి కత్తిరించి, ఆకురాయితో సరిచేయాలి. కాలెత్తి మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాక కత్తి కంటే ముందు కన్ను పనిచేయాలి. అడుగున త్రికోణంలా ఉండే మెత్తటి భాగం నల్లబడి కంపు కొడుతుంటే ముందు అనుమానించాల్సింది తడి లాయాన్ని. గిట్ట వేడెక్కి, ముందుకాళ్ల మీద బరువు మోపలేకపోతుంటే దాణా మోతాదు అడగాలి, పశువైద్యుణ్ని పిలవాలి. అది లామినైటిస్ అనే గిట్ట జబ్బు కావచ్చు; ముదిరితే లోపలి ఎముకే స్థానం తప్పుతుంది. అమెరికాలో లాడాలు కొట్టే జైమీ జాక్సన్ 1980ల్లో స్వేచ్ఛగా తిరిగే గుర్రాల గిట్టల్ని పరిశీలించి, లాడం లేని పద్ధతి వైపు మళ్లాడు. మేత, నడక, నేల బాగుంటేనే గిట్ట బాగుంటుందన్నది ఆ పద్ధతికి పునాది.

అయితే ఈ పద్ధతి పేరు చెప్పి, నాలుగు వీడియోలు చూపించి సర్టిఫికెట్ అమ్మే కోర్సులకు డబ్బు పోయకండి. అడుగు పొర కాస్త ఎక్కువ చెక్కితే గుర్రం వారాల తరబడి కుంటుతుంది. లాడం వద్దనడం మతం కాకూడదు. పందెపు గుర్రాలకు, తారురోడ్డు మీద పనిచేసేవాటికి లాడం అవసరం కావచ్చు. తీసేసినా గిట్ట అలవాటు పడటానికి నెలలు పడుతుంది. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు అక్కడి చట్టం చూసుకోవాలి: బ్రిటన్‌లో 1975 చట్టం ప్రకారం లాడం కొట్టాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దానికి ఏళ్ల అప్రెంటిస్‌షిప్ కావాలి.

‘మన దగ్గర గుర్రాలెన్ని ఉన్నాయి?’ అన్న ప్రశ్న సబబే. మలక్‌పేట రేస్‌కోర్సు, రైడింగ్ స్కూళ్లు, పోలీసు గుర్రాలు కలిపినా అవకాశాలు పరిమితమే. అందుకే గుర్రం ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. సిమెంటు గచ్చు మీద నిలబడే సంకరజాతి ఆవులకూ గిట్టలు చెడతాయి, కుంటే ఆవు పాలు తగ్గుతాయి. పదో తరగతి తర్వాత చేరే పశుసంవర్ధక పాలిటెక్నిక్ రెండేళ్ల డిప్లొమా, ఆపైన అనుభవమున్న లాడాల మేస్త్రి దగ్గర ఏడాదో రెండేళ్లో చేతిపని: నా ఓటు ఈ దారికే. నడుం నొప్పి, తన్నులు తినే ప్రమాదం ఉన్న పని ఇది. ఆ సంగతి దాచకుండా చెప్పండి. తల్లిదండ్రులారా, ఇంకో లాంగ్‌టర్మ్ ఫీజు కట్టే ముందు పిల్లల్ని ఒక్కరోజు లాయానికి పంపండి. లద్ది వాసనకు ముక్కు మూసుకోకుండా కాలెత్తి పట్టుకున్నారంటే, ఆ ఇష్టం నిజమైనదే.