విమానం విరగాలా, వద్దా? - సిమ్యులేటర్‌లో ఒక సెట్టింగు నేర్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు చేశారు. మేము నలుగురం ఈ హాస్టల్ నుంచే వెళ్ళి, ఇప్పుడు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాం. మా నలుగురి ఇళ్ళలో మాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. మాలో ఎవరమూ ఇంతవరకు విమానం ఎక్కలేదు. అయినా విమానం గురించే రాస్తున్నాం.

పోయిన ఏడాది తలా కొంత వేసుకుని ఒక పాత కంప్యూటర్ కొన్నాం. అందులో ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ వేసుకున్నాం. ఇది పూర్తిగా ఉచితం. సిమ్యులేటర్ అంటే విమానం నడిపే అనుభవాన్ని తెరమీద చూపించే ప్రోగ్రాం. ఇళ్ళలో వాడేవాటిలో బాగా పేరున్న మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లో వచ్చింది. దాన్ని తయారుచేసింది బ్రూస్ ఆర్ట్‌విక్.

మేం మొదట విమానం దెబ్బతినే సెట్టింగును ఆపేసి ఆడాం. నేలకు గుద్దుకుంటే బంతిలా ఎగిరేది, మళ్ళీ నడిపేవాళ్ళం. నెల తిరిగేసరికి మాకు విమానం నడపడం వచ్చేసిందనుకున్నాం. ఒకరోజు ఆ సెట్టింగు ఆన్ చేసి చూశాం. ఆ సాయంత్రం నలుగురిలో ఒక్కరమూ విమానాన్ని క్షేమంగా దించలేకపోయాం. ఈ వ్యాసం అక్కడ పుట్టింది.

సెట్టింగులో ఏముంటుంది?

2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లో రెండు దారులున్నాయి. ఒకటి, ప్రమాదాలను, నష్టాన్ని పట్టించుకోవద్దు. రెండు, పట్టించుకో. రెండోది ఎంచుకుంటే ఇంకో రెండు గడులు కనిపిస్తాయి: అధిక ఒత్తిడికి విమానం దెబ్బతినాలా, ఇతర విమానాలతో ఢీకొనే వీలుండాలా అని. 2020లో వచ్చిన కొత్త కూర్పులో గుద్దుకోవడం వల్ల నష్టం, విమానం మీద ఒత్తిడి వల్ల నష్టం, ఇంజన్ మీద ఒత్తిడి వల్ల నష్టం వేర్వేరుగా ఉన్నాయి. ఎక్స్-ప్లేన్ అనే మరో సిమ్యులేటర్‌లో హద్దు దాటితే రెక్కలే ఊడిపోయేలా పెట్టుకోవచ్చు.

గుద్దుకుందని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్ విమానాన్ని మనం చూసే బొమ్మలా చూడదు. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో ప్రతి విమానానికీ ఒక ఫైలు ఉంటుంది. అందులో చక్రాలు, రెక్క కొసలు, తోక వంటి చోట్ల కొన్ని బిందువులు గుర్తించి ఉంటాయి. ఒక్కో బిందువు నిమిషానికి ఎన్ని అడుగుల వేగం వరకు నేలను తాకవచ్చో ఒక అంకె రాసి ఉంటుంది. ఆ అంకె దాటితే ప్రమాదం, దాటకపోతే క్షేమం. అంతే లెక్క.

ఇక్కడ మీ ఫిజిక్స్ పనికొస్తుంది. పెద్ద ప్రయాణికుల విమానాల చక్రాల నిర్మాణం సెకనుకు 10 అడుగులు, అంటే నిమిషానికి 600 అడుగుల వేగంతో దిగినా తట్టుకోవాలని అమెరికా నిబంధన. సెకనుకు 10 అడుగులంటే సుమారు 3 మీటర్లు. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే ఎత్తు వస్తుంది. అంటే 9ని 19.6తో భాగించాలి. జవాబు అర మీటరుకు కాస్త తక్కువ. మోకాలి ఎత్తు నుంచి రాయి పడితే నేలను ఎంత వేగంతో తాకుతుందో, అంత వేగం అన్నమాట. నిమిషానికి 1000 అడుగులైతే అది 1.3 మీటర్ల ఎత్తు నుంచి పడినట్టు. మేం మొదటి నెల "బాగా దించాం" అని చప్పట్లు కొట్టుకున్నవి చాలావరకు ఇంతకంటే గట్టి దెబ్బలే.

గాలిలోనే ఎలా విరుగుతుంది?

నేలను తాకకుండానే విమానం విరగవచ్చు. విమానాన్ని పక్కకు వంచి, ఎత్తు తగ్గకుండా తిప్పితే రెక్కల మీద బరువు పెరుగుతుంది. ఎన్ని రెట్లు పెరుగుతుందో పదో తరగతి త్రికోణమితి చెబుతుంది: ఒకటిని వంపు కోణం కాస్ విలువతో భాగించాలి. కాస్ 60 డిగ్రీలు అంటే సగం, కనుక బరువు 2 రెట్లు. కాస్ 75 డిగ్రీలు సుమారు 0.259, కనుక 3.86 రెట్లు.

శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 172 చిన్న విమానానికి సాధారణ వాడకంలో హద్దు 3.8 రెట్లు. అంటే 75 డిగ్రీల వంపులో ఎత్తు తగ్గకుండా తిరిగితే హద్దు దాటినట్టే. ఇంజనీర్లు దీనికి ఒకటిన్నర రెట్ల బలం ఉండేలా కడతారు, కాబట్టి దాటిన మరుక్షణమే విరగాలని లేదు. కానీ ఆ అదనపు బలం మన సరదాకు కాదు, లెక్క తప్పినప్పుడు ప్రాణం కాపాడటానికి.

వేగానికీ హద్దు ఉంది. సెస్నా 172ఎస్ రకం 163 నాట్లు, అంటే గంటకు సుమారు 302 కిలోమీటర్లు, ఎప్పుడూ దాటకూడదు. దిగేటప్పుడు రెక్కల వెనుక వంచే ఫ్లాప్‌లను పూర్తిగా దించితే 85 నాట్లు మించకూడదు. సెట్టింగు ఆపేసిన రోజుల్లో మేము 85 అనే అంకెను చూడనే లేదు. చూడాల్సిన అవసరం రాలేదు మరి!

అయితే ఆపేయడం తప్పా?

తప్పు కాదు. కొత్తగా నేర్చుకునేవాడికి ప్రతి నిమిషం ఆట ఆగిపోతే విసుగొచ్చి మానేస్తాడు. పైగా సిమ్యులేటర్ కూడా పొరపాటు పడుతుంది. అదనంగా వేసుకున్న విమానాశ్రయాల్లో కంటికి కనిపించని అడ్డంకులు తప్పు చోట ఉండి, రన్‌వే మీద మామూలుగా వెళ్తున్న విమానం కూడా "ప్రమాదం" అని ఆగిపోయేది. అందుకే ఎందరో అనుభవజ్ఞులు దాన్ని ఆపి ఆడేవారు. తప్పు ఎక్కడంటే, ఆపేశామన్న సంగతి మరిచిపోయి, మనకు వచ్చేసిందనుకోవడంలో.

సిమ్యులేటర్ తప్పుగా నేర్పితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం బయలుదేరిన కాసేపటికి, ముందు వెళ్ళిన పెద్ద విమానం వదిలిన గాలి సుడిలో చిక్కింది. కో-పైలట్ తోకను తిప్పే రడ్డర్ పెడల్‌ను అటూ ఇటూ పూర్తిగా తొక్కాడు. నిలువు తోక ఊడిపోయింది. విమానంలో 260 మంది, నేల మీద 5 మంది చనిపోయారు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2004లో ఇచ్చిన నివేదికలో అనవసరమైన పెడల్ కదలికలే కారణమంది. ఆ రకం విమానం రడ్డర్ వ్యవస్థ తీరు, ఆ సంస్థ శిక్షణలోని కొన్ని అంశాలు అందుకు తోడయ్యాయంది. శిక్షణలోని ఒక సిమ్యులేటర్ అభ్యాసం గాలి సుడి ప్రభావాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిందని కూడా తేల్చింది. కోట్ల ఖరీదు చేసే యంత్రానికే ఇలా జరిగితే, మన గదిలోని పాత కంప్యూటర్ సంగతి చెప్పాలా? సెట్టింగు ఆన్ చేసినా అది చూపేది నిజానికి ఒక నీడ మాత్రమే.

మేము పాటించే పద్ధతి

1. మొదటి వారం నష్టం ఆపి, విమానాన్ని నిటారుగా, ఒకే ఎత్తులో నడపడం నేర్చుకోండి.
2. తర్వాత నేలకు గుద్దుకునే నష్టం ఆన్ చేయండి. దిగిన ప్రతిసారీ ఎంత వేగంతో దిగారో నోటుబుక్కులో రాయండి.
3. ఆ తర్వాత ఒత్తిడి వల్ల నష్టం ఆన్ చేయండి. వేగం హద్దులు కాగితం మీద రాసి తెర పక్కన అంటించండి.
4. విమానం విరిగితే వెంటనే మళ్ళీ మొదలుపెట్టకండి. ఏ అంకె దాటిందో ముందు కనుక్కోండి.

నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యం. తమ్ముళ్ళూ, ఒక నిజం చెబుతాం. ఈ హాస్టల్లో ఉన్నప్పుడు స్లిప్ టెస్టుల్లో మేము పక్కవాడి పేపరు చూసి రాసినవాళ్ళమే. మార్కులు వచ్చేవి. అది నష్టం ఆపేసి నడిపిన విమానం. డిగ్రీ మొదటి ఏడాదిలో సెట్టింగు ఆన్ అయింది. మాలో ఇద్దరం మాథ్స్ తప్పాం. ఒకడైతే ఇంటికి వెళ్ళిపోవడానికి పెట్టె సర్దుకున్నాడు. చదివింది చాలు, కూలికి వస్తానని నాన్నకు ఫోన్ కూడా చేశాడు. మిగతావాళ్ళం ఆ పెట్టె విప్పించి, ఏ లెక్క దగ్గర తప్పాడో కూర్చుని చూశాం. తప్పింది ఇంటర్లో వదిలేసిన రెండు పాఠాల దగ్గర. అంతే. ఇవాళ ఈ వ్యాసంలోని లెక్కలు చేసింది అతడే.

కనుక స్లిప్ టెస్టులో తప్పండి, ఫరవాలేదు. ఇక్కడ విరిగితే బాగుచేయడానికి సార్లున్నారు, అన్నలున్నారు. పబ్లిక్ పరీక్ష దాకా దాచుకోకండి.

చేసి చూడండి: 45 డిగ్రీల వంపులో రెక్కల మీద బరువు ఎన్ని రెట్లు? జవాబు నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. ఈసారి వచ్చినప్పుడు మేము దిద్దుతాం.