భారం పరుచుకున్న చోట

ఏమ్మా చెల్లీ, స్టాటిక్స్‌లో డిస్ట్రిబ్యూటెడ్ లోడ్స్ మొదలయ్యాయనీ, బీమ్ మీద వరసగా ఉన్న ఆ బాణాలు చూస్తేనే దడగా ఉందనీ రాశావు. రా, ఇలా కూర్చో. తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందు ఆ బాణాల సంగతి. నిజానికి ఏ బరువూ ఒక్క చుక్క మీద నిలబడదు. బీమ్ మీద తొమ్మిదంగుళాల ఇటుక గోడ, మూడు మీటర్ల ఎత్తు కట్టారనుకో. దాని బరువు బీమ్ పొడవునా పరుచుకుని ఉంటుంది, మీటరుకు దాదాపు 14 కిలోన్యూటన్లు. ఒకే ఎత్తున గీసిన బాణాలు చెప్పేది ఇంతే. బీమ్ 6 మీటర్లుంటే మొత్తం 84. అంటే ఆ దీర్ఘచతురస్రం వైశాల్యమే మొత్తం బరువు. అది పనిచేసే చోటు దాని సెంట్రాయిడ్, ఇక్కడ నడిమధ్య. రెండు చివర్లా ఉన్న సపోర్టులు చెరో 42 మోస్తాయి.

ఇక త్రికోణం. నేల మీద కట్టిన తొట్టిలో 2 మీటర్ల నీళ్లున్నాయి. నీటిమట్టం దగ్గర గోడ మీద ఒత్తిడి సున్నా. దిగేకొద్దీ పెరిగి అడుగున చదరపు మీటరుకు దాదాపు 20 కిలోన్యూటన్లవుతుంది. మీటరు పొడవు గోడ తీసుకుంటే త్రికోణం వైశాల్యం, అంటే గోడను నెట్టే మొత్తం బలం, 20 కిలోన్యూటన్లు. అది పనిచేసేది సగం ఎత్తులో కాదమ్మా, అడుగు నుంచి మూడో వంతులో, అంటే 67 సెంటీమీటర్ల దగ్గర. ఒత్తిడి ఎక్కువ భాగం కిందే ఉంది కదా! లోతు రెట్టింపైతే నెట్టే బలం నాలుగింతలవుతుంది, గోడ మొదట్లో మూమెంట్ ఎనిమిదింతలవుతుంది. తొట్టి ఎంత వెడల్పున్నా ఆ మీటరు గోడ లెక్క మారదు. చూడాల్సింది లోతునే.

ఇప్పుడు అసలు మాట, మనసులో పెట్టుకో. మొత్తం బరువును ఒక్క బాణంగా మార్చడం సపోర్టుల రియాక్షన్లు కట్టడానికే. బీమ్ లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే ఆ ఒక్క బాణం పనికిరాదు. మన గోడ బీమ్‌నే తీసుకో. 84నీ మధ్యలో ఒకే పాయింట్ లోడ్‌గా పెడితే నడిమి మూమెంట్ 126 కిలోన్యూటన్ మీటర్లు వస్తుంది. నిజానికి అక్కడున్నది 63, సరిగ్గా సగం.

ఆ 63 ఎలా వచ్చిందంటావా? ముందు బీమ్‌ను మధ్యలో కొయ్యి. ఎడమ ముక్క మీదున్నది 3 మీటర్ల గోడ, 42 కిలోన్యూటన్లు, కోత నుంచి మీటరున్నర దూరంలో. సపోర్టు పైకి నెట్టే 42 కోత నుంచి 3 మీటర్ల దూరంలో. 126లోంచి 63 తీసేస్తే 63. ముందు కోత, ఆ తర్వాతే ఒక్క బాణం. ఈ వరస తప్పనివ్వకు.

పొరపాటు తారుమారై, ఒక్కచోటి బరువును పరిచేస్తే మరీ ప్రమాదం. నడిమధ్య నిజంగానే ఒక స్తంభం దిగుతుంటే, దాని బరువును బీమంతా పరిచి లెక్కేస్తే మూమెంట్ సగమే కనిపిస్తుంది. ఆ లెక్కతో ఇనుము వేస్తే బీమ్‌కు చాలదు. ఆ ఇంట్లో మనుషులుంటారమ్మా. అందుకే సూత్రం రాసే ముందు బొమ్మ గీసుకో, బరువు ఎక్కడ ఎలా కూర్చుందో కళ్లారా చూసుకో. త్రికోణపు లోడున్న బీమ్ ఒకటి ఇలాగే కోసి, చేసిన లెక్క నాకు పంపు. చూసి రాస్తాను.