తక్కువ సొమ్ముతో కంప్యూటరును కూర్చుకొనుట

మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలు చిట్టా, ఆవర్జాలనుండి కంప్యూటరులలోనికి మారుచున్నవి. ఇందులకై కేంద్ర ప్రభుత్వమువారు 2022 జూన్ 29వ తేదీన 63,000 సంఘములకు వర్తించునట్లు 2,516 కోట్ల రూపాయల ప్రణాళికను ఆమోదించిరి. ఆ ప్రణాళికక్రింద సంఘమునకు వచ్చిన యంత్రమును విప్పుటగాని మార్చుటగాని మన పని కాదు. అయితే ఎరువులు అమ్ముచోట రెండవ యంత్ర మొకటి కావలసియుండవచ్చును. ఇంట చదువుకొను పిల్లలకు కావలసియుండవచ్చును. అట్టివారు అంగడిలో కూర్చియుంచినదానిని కొనుటకంటె భాగములను ఏరి కూర్పించుకొనినచో అదే సొమ్మునకు మంచి సరుకు లభించును. ఒక భాగము చెడినపుడు దానిని మాత్రమే మార్చుకొనవచ్చును. కాని ఏరుట తెలియనివానికి ఈ మార్గమున మోసమును గలదు. కావున ఈ విషయమును కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మొదట పని యెంతయో తేల్చుకొనవలెను. అరకకు చాలిన ఎడ్లు వేరు, బండి పందెమునకు కట్టు ఎడ్లు వేరు. లెక్కలు వ్రాయుటకును, ఉత్తరములు అచ్చు వేయుటకును, భూమి రికార్డులను చూచుటకును, పిల్లల పాఠములకును సామాన్యమైన యంత్రము చాలును. ఆటల కుపయోగించు పెద్ద గ్రాఫిక్స్ కార్డు మనకు అక్కరలేదు. దుకాణదారుడు దానిని గూర్చి యెంత చెప్పినను వినవలసిన పనిలేదు.

ధరలు నెలనెలకు మారును గనుక మేము ధరల పట్టిక వేయము. రూపాయికి పదునారణాల లెక్కన పాళ్లు మాత్రము చెప్పెదము. అణాలు 1957లో పోయినను ఆ లెక్క మన పెద్దలకు నోటనే యున్నది. ప్రాసెసరునకు నాలుగణాలు, మదర్‌బోర్డునకు రెండు, ర్యామునకు మూడు, ఎస్.ఎస్.డి.కి రెండు, పవరు సప్లయికిని పెట్టెకును కలిపి రెండు, మానిటరు, కీబోర్డు, మౌసులకు మూడు. నలుబదివేలు పెట్టదలచినవానికి అణా యనగా 2,500 రూపాయలు. యు.పి.యస్. ఈ లెక్కకు బయటిది. ర్యాము ధరలు 2025 చివరి నెలలలో మిక్కిలి పెరిగినవి గనుకనే దానికి మూడణాలు విడిచితిమి. అవి తగ్గిన దినమున ఒక అణాను మదర్‌బోర్డునకు మరల్చుకొనవచ్చును. ధర అడుగునపుడు పన్నుతో కలిపియా, విడిగానా యని తప్పక అడుగవలెను. నూటికి 18 వంతున 40,000 మీద 7,200 రూపాయల పన్ను పడును. ఇది చివర బిల్లులో కనబడినచో మొదటి లెక్కయంతయు తారుమారగును.

ఇక భాగముల సంగతి. ప్రాసెసరు యంత్రమునకు మెదడు. మన పనికి ఇంటెల్ వారి ఐ3-12100గాని, ఏ.ఎం.డి. వారి రైజెన్ 5 5600జి గాని పుష్కలముగా చాలును. మొదటిదానిలో నాలుగు కోర్‌లు, రెండవదానిలో ఆరు గలవు. ఇచ్చట ఒక్క అక్షరమున నష్టము దాగియున్నది. ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' అని యున్నచో దానిలో బొమ్మను తెరమీదికి పంపు గ్రాఫిక్స్ భాగము లేదని యర్థము. అట్లే 5600 అను పేరు చివర 'జి' లేకున్నచో దానిలోను లేదు. ధర కొంచెము తక్కువ యని వీనిని తెచ్చుకొనినవాడు వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొననిదే తెర వెలుగదు. పెట్టెలేక విడిగా అమ్ము ప్రాసెసరు చవుకయే. కాని తయారీదారుల మూడేండ్ల హామీ పెట్టెతో వచ్చుదానికని యెరుగవలెను.

మదర్‌బోర్డు ప్రాసెసరునకు సరిపడినదై యుండవలెను. ఒక కంపెనీ ప్రాసెసరు మరొకరి సాకెట్టులో కూర్చుండదు. పైని చెప్పిన 12100కు ఎల్.జి.ఏ. 1700 సాకెట్టును, 5600జికి ఏ.ఎం.4 సాకెట్టును కావలెను. ర్యాములో డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అని రెండు రకములు నేడు అంగడిలో గలవు. ఒకదాని గాడిలో రెండవది పట్టదు. ఏ.ఎం.4 బోర్డులన్నియు డి.డి.ఆర్.4 వే. ఎల్.జి.ఏ. 1700 బోర్డులో మాత్రము రెండు రకములవియు వచ్చుచున్నవి గనుక బోర్డు పెట్టెపై చదివి, అదే రకపు ర్యామును అడుగవలెను. మొదట బోర్డును, తరువాత దినము ర్యామును విడివిడిగా కొనువారికే ఈ చిక్కు తగులును.

ర్యామునకును ఎస్.ఎస్.డి.కిని భేదము చాలమందికి తెలియదు. రెండింటిని జి.బి. లెక్కనే చెప్పుటవలన ఈ తికమక కలుగుచున్నది. ర్యాము కళ్లము వంటిది, ఎస్.ఎస్.డి. గాదె వంటిది. కళ్లము వెడల్పైనచో ఒక్కమారుగా ఎక్కువ పనలు పరచి నూర్చవచ్చును. అయితే కళ్లములో ధాన్యము నిలువ యుండదు. కరెంటు పోయిన క్షణమున ర్యాములోనిదంతయు తుడిచిపెట్టుకొని పోవును. గాదెకు చేర్చినదే నిలుచును. ర్యాము 8 జి.బి. లేనిదే నేడు పని సాగదు. 16 ఉన్నచో కొన్నియేండ్లు నిశ్చింత. ఆ 16ను ఎనిమిదేసి చొప్పున రెండు పలకలుగా వేసినచో, గ్రాఫిక్స్ ప్రాసెసరులోనే యున్న ఇట్టి యంత్రములు చురుకుగా నడచును.

గాదె విషయమున పాత తిరుగుడు హార్డుడిస్కును యంత్రములోనికి కొనవలదు. అది సెకనుకు సుమారు 150 ఎం.బి. చదువగా, సాటా ఎస్.ఎస్.డి. 550 వరకును, సాధారణమైన ఎన్.వి.ఎం.ఇ. ఎస్.ఎస్.డి. 3,000 వరకును చదువును. పాత యంత్రము నత్తనడక నడచుటకు చాలచోట్ల ఈ డిస్కే కారణము. కొత్తది కొనలేనివారు పాతదానిలో ఎస్.ఎస్.డి. ఒక్కటి మార్చి చూచిన, ఎంతో భేదము కనబడును. 500 జి.బి. మనకు చాలును. హార్డుడిస్కునకు వేరొక పని కలదు. దానిని ముందు చెప్పెదము.

ఇప్పుడు మన డెల్టా రైతు అందరికంటె ఎక్కువ శ్రద్ధ చూపవలసిన భాగమునకు వచ్చితిమి. అది పవరు సప్లయి. గోడనుండి వచ్చు 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి తక్కిన భాగములకు పంచునది ఇదియే. కాలువకు తూము ఎట్టిదో యంత్రమునకు ఇది అట్టిది; తూము తెగినచో చేలన్నియు మునుగును. పెట్టెతోపాటు ఉచితముగా వచ్చు సప్లయిపై 450 వాట్లు అని వ్రాసియుండవచ్చును గాని ఆ వ్రాతకు పూచీ లేదు. అది చెడునపుడు ఒంటరిగా చెడక బోర్డును, డిస్కును వెంట తీసికొనిపోవచ్చును. 80 ప్లస్ గురుతు గలిగి, హామీ గల కంపెనీ సరుకునే తీసికొనవలెను. సొమ్ము చాలకున్నచో ప్రాసెసరులో ఒక మెట్టు దిగుడు, పెట్టె అందములో దిగుడు. ఇందులో మాత్రము దిగవలదు.

దీనితో చేరినదే ఎర్తు. మూడవ రంధ్రమునకు తీగ లేని ప్లగ్గులు పల్లెలలో నేటికిని గలవు. యంత్రము నడచుచుండగా ఇనుప పెట్టెను తాకినచో వ్రేళ్లకు చిమచిమ తగులుట ఎర్తు లేదనుటకు గురుతు. అప్పుడు యంత్రమును ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియనుచేత ఎర్తు గొయ్యిని, తీగను చూపింపవలెను. వేసవిలో ఆ గోతిలో నీరు పోయుట మరువరాదు. నరసాపురము, అంతర్వేది వైపు ఉప్పుగాలికి తీగల కొనలు చిలుమెక్కును గనుక ఏటేట పరీక్ష చేయింపవలెను. ఉరుములు మొదలైనంతనే ప్లగ్గును ఊడదీయుటకంటె మంచి కాపుదల లేదు. ఇంటర్నెట్టు తీగనుగూడ ఊడదీయవలెను. పిడుగు దానివెంటను రాగలదు.

యు.పి.యస్. 600 వి.ఏ. అని యున్నచో అది సాధారణముగా 360 వాట్లు మోయును. మన యంత్రమును తెరయు కలిసి లెక్కల పనిలో సుమారు నూరు వాట్లలోపే తీసికొనును గనుక అది చాలును. దానిపై ప్రింటరును పెట్టరాదు. అది రాత్రియంతయు నడపుటకు కాదు, పని భద్రపరచి ఆపుకొనుటకు. రెండుమూడేండ్లకు బ్యాటరీ మార్చవలసివచ్చును.

పాత యంత్రములు చవుకగా అమ్మువారు గలరు. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సామాన్యమైన ఆదరువు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ఇంటెల్ వారి ఎనిమిదవ తరమునకు ముందటివానిపై నడచునని ఆ కంపెనీ ఒప్పుకొనదు. కావున తరము అడిగి కొనవలెను. పిల్లల చదువునకైనచో అట్టి పాతదానిపై లినక్స్, లిబ్రె ఆఫీసు వేసికొనవచ్చును. వీనికి సొమ్ము లేదు. తెలుగు వ్రాతకు యూనికోడునే వాడవలెను. పాత అచ్చు ఫాంటులతో వ్రాసిన పేర్లు, ఆ ఫాంటు లేని మరియొక యంత్రమున చదువుటకు రావు.

ఎచ్చట కొనవలెనను ప్రశ్న మిగిలినది. గౌతమి ఎక్కి సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయినచో రకములు ఎక్కువ దొరకును. ధరయు కొంత తగ్గవచ్చును. కాని రానుపోను ఖర్చును, చెడినపుడు మరల పోవలసిన శ్రమను లెక్కలో చేర్చవలెను. ప్రాసెసరు, ర్యాము చిన్నవి, అరుదుగా చెడునవి. వానిని ఎచ్చటనైనను కొనవచ్చును. పవరు సప్లయి, మానిటరు, యు.పి.యస్.లను రాజమహేంద్రవరములోనో భీమవరములోనో కొనుట మేలని మా అభిప్రాయము. విత్తనములకు ఉమ్మడి ఇండెంటు పెట్టునట్లే, నలుగురైదుగురు సభ్యులు ఒకే రకపు భాగములకు కలిసి కొటేషను పిలిచినచో ధర తగ్గుటయే గాక, అదనముగా కొనిన ఒక పవరు సప్లయి అందరికిని అక్కరకు వచ్చును. ఏ భాగము చెడినదో పోల్చి చూచుటకు పొరుగు సభ్యుని యంత్రమే చాలును.

హార్డుడిస్కు పని యేదన, నకలు దాచుట. సభ్యుని వాటాధనము, అప్పు, జమ చేసిన కిస్తీ యంత్రములోనే యుండి, ఆ యంత్రము చెడినచో, రైతు తన చేతి రసీదు చూపి వాదించుకొనవలసి వచ్చును. రసీదు పారవేసినవానికి ఆ దారియు లేదు. కావున బయట తగిలించు హార్డుడిస్కులు రెండు కొని, వారమునకొకమారు నకలు తీసి, ఒకటి ఆఫీసులోను మరొకటి మెరకనున్న వేరొక ఊరిలోను తాళమువేసి యుంచవలెను. 1986 ఆగస్టు వరదను చూచిన లంక గ్రామములవారికి దీని కారణము చెప్పనక్కరలేదు. సంఘపు డిస్కును కార్యదర్శియు, పాలకవర్గము నియమించిన మరియొకరును దప్ప ఎవరును తీసికొనిపోరాదు.

సరుకు ఇంటికి చేరిన దినముననే ప్రతి భాగముపై నున్న వరుస సంఖ్యను బిల్లులోని సంఖ్యతో పోల్చి, సంఘమైనచో సామానుల రిజిస్టరులోను, ఇంటివారైనచో ఒక పుస్తకములోను వ్రాసికొని, బిల్లును ఫోటో తీసి యుంచవలెను. బిల్లు సిరా ఏడాదిలో వెలిసిపోవచ్చును, హామీ మూడేండ్లుండును.