కొత్త శాస్త్రానికి వాక్యం ఎలా కట్టాలి?

కొత్త శాస్త్రం భాషలోకి వచ్చినప్పుడు మన దృష్టంతా పదాల మీదే ఉంటుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలను వెలువరించింది. అయితే పదాలన్నీ తెలిసినా ఒక్కోసారి పేరా బోధపడదు. చిక్కు వాక్యాల అల్లికలో ఉంటుంది.

తెలిసినది, కొత్తది

సాధారణంగా వాక్యంలో రెండు భాగాలుంటాయి: దేని గురించి చెబుతున్నామో అది, దాని గురించి చెప్పే కొత్త సంగతి. ప్రాగ్ భాషావేత్త విలెం మతేసియస్ ఈ విభజనను చర్చించారు. ఒక వాక్యంలోని కొత్త సంగతి తరువాతి వాక్యానికి మొదలు కావడాన్ని ఫ్రాంటిషెక్ దానెష్ వివరించారు.

ఉతైకి దగ్గరలోని భిలాయి ఉక్కు కర్మాగారాన్నే తీసుకుందాం. అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. దాని పనిని ఇలా రాయవచ్చు:

"ద్రవ ఇనుము, కోక్ మండటం వలన వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ చేత ఖనిజంలోని ఆక్సిజన్ తొలగించబడటం ద్వారా ఉత్పత్తి చేయబడుతుంది."

లేదా ఇలా:

"కొలిమి పైనుంచి ఇనుప ఖనిజం, సున్నపురాయి, కోక్ వేస్తారు. కోక్ వేడిగాలిలో మండి కార్బన్ మోనాక్సైడ్‌ను ఇస్తుంది. ఆ వాయువు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఆక్సిజన్ పోగా మిగిలిన ఇనుము కరిగి అడుగుకు చేరుతుంది."

రెండోదానిలో ప్రతి వాక్యం ముందుదాని చేయి పట్టుకుని నడుస్తుంది.

స్పానిష్‌లో చివర, తెలుగులో క్రియకు ముందు

స్పానిష్ శాస్త్ర రచనలో "సే ఒబ్సెర్వో ఉన్ ఔమెంతో" వంటి వాక్యాలు తరచుగా కనిపిస్తాయి. ఎవరు గమనించారో చెప్పకుండా క్రియ ముందు వస్తుంది. "పెరుగుదల" అన్న కొత్త సంగతి చివర నిలుస్తుంది. కొత్త భావనను పరిచయం చేయడానికి ఈ వరుస అనువైనది.

తెలుగులో చివరి చోటు సాధారణంగా క్రియది. కాబట్టి కొత్త సంగతికి బలమైన చోటు క్రియకు ముందే. "కోక్ ఈ వాయువును ఇస్తుంది", "ఈ వాయువును కోక్ ఇస్తుంది" అన్న రెండింటిలో సమాచారం ఒక్కటే. మొదటిది "ఏమిస్తుంది?" అన్న ప్రశ్నకు, రెండోది "ఏది ఇస్తుంది?" అన్న ప్రశ్నకు జవాబు. కర్తను వదిలేయడానికి తెలుగుకు "బడు" ప్రతిసారీ అక్కర్లేదు. "కోక్ వేస్తారు" అంటే చాలు.

మీరే పరీక్షించండి

ఏదైనా విజ్ఞాన వ్యాసంలో ఒక పేరా తీసుకోండి. ప్రతి వాక్యంలోని మొదటి మాట కింద గీత గీయండి. అది ముందు వాక్యంలో ఎక్కడ ఉందో వెతకండి. ఆచూకీ దొరకని చోటే పాఠకుడు ఆగిపోయే అవకాశం ఎక్కువ. అక్కడ కొత్త పదం కనిపెట్టే ముందు వాక్యం వరుస మార్చి చూడండి.