రాజ్యాంగం పుస్తకంలో ఉంటే చాలదు

ప్రజాస్వామ్యం అంటే ఏమిటని పరీక్షలో అడిగితే, ప్రజల ప్రభుత్వం అని రాసి మనమంతా మార్కులు తెచ్చుకుంటాం. కానీ పార్లమెంటు, కోర్టులు, పత్రికలు అన్నీ ఉండగానే ప్రజాస్వామ్యం బలహీనపడుతుందా? పడుతుంది. మన దేశంలోనే ఒకసారి అలా జరిగింది.

1975 జూన్ 12న ప్రధాని ఇందిరాగాంధీ లోక్‌సభ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పింది. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి 352వ అధికరణం కింద, ఆంతరంగిక కల్లోలం కారణంగా చూపి, అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మంత్రివర్గం ఆమోదం మరునాడు ఉదయం తీసుకున్నారు. ప్రతిపక్ష నాయకులను జైళ్లలో పెట్టారు. పత్రికలపై సెన్సారు విధించారు. ఇదంతా రాజ్యాంగం పేరు చెప్పి చేసిందే. మనం గమనించవలసిన విషయం అదే.

విచారణ లేకుండా నిర్బంధించిన వారు హెబియస్ కార్పస్ పిటిషన్లు వేస్తే, వాటిని వినవచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. కానీ 1976 ఏప్రిల్ 28న ఏ.డి.ఎం. జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు లేదని 4-1 తేడాతో తీర్పు చెప్పింది. ఒప్పుకోని ఆ ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. 1977 జనవరిలో ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవిని ఆయనకంటే జూనియర్‌కు ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేశారు.

1977 మార్చి ఎన్నికల్లో దేశ ప్రజలు ప్రభుత్వాన్ని మార్చారు. ఆ అనుభవంతో 1978లో 44వ సవరణ వచ్చింది. దానిలోని ముఖ్యాంశాలు:

1. ఆంతరంగిక కల్లోలం అనే మాట తీసివేసి, సాయుధ తిరుగుబాటు అని చేర్చారు.
2. మంత్రివర్గం లిఖితపూర్వకంగా సలహా ఇస్తేనే రాష్ట్రపతి ప్రకటన చేయాలి.
3. నెలలోగా పార్లమెంటు ఉభయసభలు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి.
4. 20, 21 అధికరణాల హక్కులను అత్యవసర పరిస్థితిలో కూడా నిలిపివేయరాదు.

చివరకు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు జబల్‌పూర్ తీర్పును కొట్టివేసింది. ఒంటరిగా ఖన్నా చెప్పిన మాట నిలవడానికి 41 ఏళ్లు పట్టింది.

రాజ్యాంగం ఎంత మంచిదైనా అమలుచేసేవారు చెడ్డవారైతే అది చెడ్డదవుతుందని డాక్టర్ అంబేద్కర్ 1949 నవంబర్ 25నే హెచ్చరించారు. నాయకులపై వ్యక్తిపూజ వద్దని కూడా ఆనాడే చెప్పారు.

ఈ పాఠం మనకు దూరమైనది కాదు. షెడ్యూల్డు కులాల, తెగల వారి చదువును ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని 46వ అధికరణం రాజ్యానికి చెబుతోంది. మనం తినే అన్నం, కూర్చున్న ఈ గది ఎవరి దయా కాదు. మన డైనింగ్ హాలు గోడకు మెనూ అంటించి ఉంటుంది. అందరం చదివి, లేనిది ఏదని మర్యాదగా అడిగినప్పుడే అది మెనూ. అడగకపోతే ఉత్త కాగితం. రాజ్యాంగమూ అంతే.

మిత్రులారా, పరీక్ష కోసమే కాక మన కోసం కూడా రాజ్యాంగం చదువుదాం. అడగడం నేర్చుకుందాం.