జయప్రకాష్ రెడ్డి: నాటకం, సినిమా, యాస - ఒక పరిశీలన

సినిమా మీద వ్యాసం అనగానే హీరోల గురించే రాస్తారు. పోస్టరులో మూలన చిన్న బొమ్మగా వుండి, హాల్లో మాత్రం జనం చేత ఈల వేయించే నటులు కొందరుంటారు. వీరినే క్యారెక్టర్ నటులంటాం. వీరు లేనిదే కథ నడవదు, అయినా వీరి కోసం ఎవరూ కథ రాయరు. అమెరికాలోనైనా మన దగ్గరైనా ఇటువంటి నటుల్లో ఎక్కువమంది స్టేజీ మీద నుంచి వచ్చినవారే. మన గుంటూరులోనే స్థిరపడిన జయప్రకాష్ రెడ్డి గారిని మేము ఈ వ్యాసానికి ఎన్నుకున్నాము.

ఆయన పుట్టింది కర్నూలు జిల్లా శిరివెళ్ళ మండలంలోని ఒక పల్లె. తండ్రి పోలీసు శాఖలో ఎస్.ఐ. గనుక బదిలీల వెంట చదువు నెల్లూరులో, అనంతపురంలో సాగింది. ఊరు మారినప్పుడల్లా మాట మారడం, కొత్త బడిలో పిల్లలు నవ్వడం మన హాస్టలు పిల్లలకు తెలియని సంగతి కాదు. అయితే ఆయన చెవికి అదే పెట్టుబడి అయిందని మా అభిప్రాయం. ఒకటికి మించిన ప్రాంతాల తెలుగు వింటూ పెరిగినవాడికి యాస పుస్తకంలో నేర్చుకోవలసిన పని లేదు.

లెక్కల ఉపాధ్యాయుడిగా ఉద్యోగం చేస్తూనే నాటకాలు ఆడారు. నల్గొండలో ఆయన నటించిన 'గప్‌చుప్' నాటకాన్ని దాసరి నారాయణరావు గారు చూశారు. ఆ పరిచయంతో 1988లో 'బ్రహ్మపుత్రుడు' సినిమాలో అవకాశం వచ్చింది. ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటాం గానీ కాలేదు. తర్వాత వచ్చిన వేషాలతో ఇల్లు గడవక, ఆయన గుంటూరు తిరిగి వచ్చి మళ్ళీ పాఠాలు చెప్పుకున్నారు. ఈ ఘట్టాన్ని పత్రికలవాళ్ళు ఒక్క వాక్యంలో దాటేస్తారు. మాకు మాత్రం ఇదే ముఖ్యంగా తోచింది. ఇంట్లో మొదట చదువుకున్నవాడికి ఉద్యోగం అంటే ఒక్కడి జీతం కాదు, వెనకాల నలుగురి అన్నం. కళ కోసం అన్నీ వదులుకోవాలని చెప్పేవారి మాట మేము ఒప్పుకోము. జయప్రకాష్ రెడ్డి గారు బడికి తిరిగి వెళ్ళినంత మాత్రాన నటుడిగా ఓడిపోలేదు గదా!

1997లో సురేష్ ప్రొడక్షన్స్ వారి 'ప్రేమించుకుందాం రా' వచ్చింది. అందులో రాయలసీమ ఫ్యాక్షన్ నాయకుడి వేషం. గొంతు పెంచకుండా, మాటలను సాగదీసి, చివర్లో ఒక్కసారిగా విరిచే తీరు ప్రేక్షకులకు కొత్తగా వుంది. 'సమరసింహారెడ్డి' (1999)తో ఆ ముద్ర స్థిరపడింది. 'జయం మనదేరా' (2000)లో నటనకు ఉత్తమ ప్రతినాయకుడిగా నంది అవార్డు అందుకున్నారు.

ఇక్కడ ఒక చిక్కు వుంది. ఒక ప్రాంతం మాట తెర మీదకు రావడం మంచిదే. కానీ ఆ మాట ఎవరి నోట వచ్చింది? హీరో కృష్ణా, గుంటూరు పుస్తకాల తెలుగు మాట్లాడితే, కత్తి పట్టినవాడు సీమ యాస మాట్లాడాడు. కోట శ్రీనివాసరావు గారు 'ప్రతిఘటన' (1985)లో మంత్రి కాశయ్యగా తెలంగాణ యాస పలికినప్పుడూ అంతే. నటన అద్భుతం, కానీ యాస దుర్మార్గుడికే దక్కింది. పల్నాడు వాళ్ళమంటే కాలేజీలో "బాంబులు తెచ్చారా" అని అడిగించుకున్న మన సీనియర్లు ఎందరో వున్నారు. ఈ తప్పు నటుడిది కాదనీ, కథ రాసేవాళ్ళదనీ మేము భావిస్తున్నాము. పైగా నటుడు ఆ యాసను వెక్కిరించలేదు. సొంత ఇంటి మాటలాగే పలికాడు. తర్వాత అదే యాసతో హాస్యం పండించాడు కూడా. 'ఎవడి గోల వాడిది' (2005), 'రెడీ' (2008) చూసినవారికి ఆ భయపెట్టిన గొంతే నవ్వించడం గుర్తుండే వుంటుంది. 2020 సంక్రాంతికి వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు'లో కూడా ఆయన డైలాగులు పిల్లల నోళ్ళలో నానాయి.

సినిమాల్లో పేరు వచ్చాక నాటకం మానేసేవారే ఎక్కువ. ఆయన మానలేదు. 'అలెగ్జాండర్' అనే ఏకపాత్ర నాటకాన్ని ఎన్నోసార్లు ప్రదర్శించారు. సుమారు గంటన్నరకు పైగా వేదిక మీద ఆయన ఒక్కరే. సినిమాలో దర్శకుడు కట్ చెబుతాడు, మళ్ళీ తీస్తాడు. ఇక్కడ మాట మరిచిపోతే అందించడానికి పక్క పాత్ర కూడా వుండదు. పరిషత్తు నాటకాలు చూసినవారికి ఈ కష్టం ఏమిటో తెలుస్తుంది.

2020 సెప్టెంబరు 8న గుంటూరులోని తన ఇంట్లోనే గుండెపోటుతో ఆయన మరణించారు. కరోనా రోజులు కావడంతో అభిమానులు ఎక్కువగా చేరే వీలు లేకపోయింది.

మన వార్షికోత్సవంలో యేటా రికార్డింగ్ డాన్సుల పేరు మీద సౌండ్ బాక్సులకే డబ్బంతా పోతోంది. ఏకపాత్రకు ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక మైకు చాలు. ఈసారి తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళు ఎవరైనా ముందుకు వస్తే, వాళ్ళ ఊరి యాసలోనే, పది నిమిషాల ఏకపాత్ర తయారు చేయించడానికి పాత విద్యార్థులం మేము ఆదివారాలు నకరికల్లు వస్తాము. వార్డెన్ గారి దగ్గర పేర్లు ఇవ్వండి.